పోలయ్యన్న చూపించిన నీళ్లు

ఈసారి పులికాట్ వెళ్లింది పక్షుల కోసం కాదు, పోలయ్యన్నను క్షమించమని అడగడానికి. కాలేజీ రోజుల్లో ఒక పక్షుల పరిశోధన బృందంలో నేను నోట్సు రాసేదాన్ని. పడవ నడిపింది ఆయన. గూడబాతులు ఏ నెలలో ఎక్కడ మేస్తాయో, చేప ఎక్కడ చేరుతుందో చూపించిందీ ఆయనే. ఆ చోట్లన్నీ మ్యాపులో గుర్తు పెట్టుకున్నాం. ఆ మ్యాపును చూసే అటవీశాఖ వాళ్లు అక్కడ వలలు వేయకూడదన్నారనీ, ఊళ్లో ఎవరినీ ఒక్క మాట అడగలేదనీ నాకు మొన్నీమధ్యే తెలిసింది.

నాయుడుపేటలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే గంటలోపే సూళ్లూరుపేటలో దిగాను. అక్కడి నుంచి సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఆటో, రానూపోనూ ఆరు వందలు.

"పక్షులు చూసేదానికా మేడం?" అన్నాడు డ్రైవరు.

"కాదన్నా, పడవ పోలయ్య గారింటికి."

అతను ఆటో పక్కకు తీసి ఆపాడు. "ఆయన పోయి రెండేళ్లయింది గదా మేడం. ఆయమ్మ ఉండాది. పోదామా?"

పోదామన్నాను.

పోలయ్యన్న భార్య మునెమ్మక్క వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. కాసేపు నా ముఖం చూసి, "పుస్తకంలో రాసుకునే పాపవి గదూ?" అంది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"వల ఆపేసినాక ఊరంతా ఆయన్నే అన్నారమ్మా, నువ్వే గదా వాళ్లకి చూపిచ్చినావు అని. పలకరించే దిక్కు లేకపోయింది. చివరికి ఎక్కడో రొయ్యల గుంటకి కావలి పోయినాడు. ఆడే కన్నుమూసినాడు."

"తప్పయిపోయింది అక్కా."

"మీరు రాసిన దాంట్లో ఆయన పేరుండాదా?"

లేదన్నాను. 'స్థానిక సహాయకుడు' అని మాత్రమే రాశాం. ఆమె వంగి, ఒక్కో చేపనూ తిరగేయసాగింది. నేనూ పక్కన కూర్చుని తిరగేశాను. అన్నీ తిరగేశాక, "ఆయనుండంగా వచ్చుంటే బాగుండు," అంది.

పక్షుల మీద ప్రేమతోనే చేశాం అంతా. ఆ నీళ్ల మీద బతికేవాళ్లు మాకు దారి చూపేవాళ్లుగానే కనిపించారు, నిర్ణయంలో భాగం ఉన్నవాళ్లుగా కనిపించలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇంత దూరం వెళ్లాను, వినాల్సిన మనిషి లేడు.

మీరు వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే వెళ్లండి. పడవ నడిపే మనిషి చూపించిన చోటును ఫోనులో పెట్టి నలుగురికీ పంపేముందు, పంపవచ్చా అని ఆయన్నే అడగండి.