వాసనలు చాటే డాక్టరమ్మ

మా డాక్టరు లోకేశ్వరి గారికి ముక్కుకు తగిలిన వాసన కడుపులో దాగదు. పైకి చెప్పి తీరాలి. తిరుపతి నుంచి పుత్తూరు వెళ్లే దారిలో, వడమాలపేటకు ఇవతల, కొండచిలువల గుడ్లు పొదిగించి పిల్లలు చేయించే కేంద్రం ఒకటుంది. ఆవిడ దానికి డాక్టరు. నా పేరు మునిశేఖర్, ఆ గుడ్లకు కాపలా. అప్పటికింకా టెంపరరీ.

పొద్దున గేటు దగ్గరే మొదలు. "ఏమప్పా ఇమ్మానుయేలూ, నిన్నటి సొక్కానే ఏసుకున్నావా? సెమట కంపు!" వాచ్‌మన్ పాపం గేటు చాటుకు తప్పుకునేవాడు. లోపలికి రాగానే, "టీలో పాలు ఇరిగినట్టుండాయి, పుల్లవాసన!" ఒకసారి కేంద్రం చూడ్డానికి వచ్చిన పెద్దమనిషితో, "పాత టెంకాయ నూనె వాసన సార్, సీసా మార్చండి" అనేశారు. తల తడుముకుంటూ బయటికి వెళ్లిన ఆ మనిషి మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఆవిడ అటు తిరగగానే మేమంతా నవ్వుకునేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నవ్వడానికి నాకున్న అర్హత వినండి. కొవిడ్ వచ్చి, పోతూ పోతూ నాకు వాసన తెలియకుండా చేసిపోయింది. అప్పటినుంచి నా ముక్కు కళ్లజోడు నిలబెట్టడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఇంట్లో అన్నం మాడితే పక్కింటివాళ్లు వచ్చి చెప్పాలి. అలాంటివాణ్ణి వెతికి వెతికి వాసన చూసే ఉద్యోగంలో చేరాను, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా.

కొండచిలువ గుడ్డు మంచిదో చెడ్డదో తేల్చడం కోడిగుడ్డును నీళ్లలో వేసి చూసినంత సులువు కాదు. తెల్లగా, బిగువుగా ఉంటే మంచిదే. చీకటి గదిలో టార్చి ఆనిస్తే లోపల ఎర్రటి నరాలు కనిపించాయా, ఇంకా మంచిది. చిక్కంతా బూజు పట్టిన గుడ్డుతోనే. పైన బూజున్నా లోపల పిల్ల బతికే ఉండొచ్చు. అక్కడ తీర్పు చెప్పేది ముక్కే. కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. నాకేమో ఏ గుడ్డూ కంపు కొట్టదు కాబట్టి, నా లెక్కన లోకంలో చెడ్డ గుడ్డన్నదే లేదు.

అయినా నెట్టుకొచ్చాను. గుడ్డు మీదికి వంగి, కళ్లు సగం మూసి, కచేరీ వింటున్నవాడిలా తలాడించేవాణ్ణి. ఈలోగా వెనకనుంచి మేడం గొంతు వినిపించేది.

"అబ్బబ్బా, ఏం గబ్బు! మురిగిన సేపలాగుండాది!"

"కుళ్లింది మేడం, తీసేద్దాం" అనేవాణ్ణి గంభీరంగా. ఆవిడ నోరు ఆగకపోవడం నా అదృష్టమనుకున్నాను.

నన్ను పర్మనెంట్ చేయాలా వద్దా తేల్చడానికి పెద్దాఫీసరు సునీల్‌కుమార్ గారు వచ్చారు. గుడ్ల పెట్టె తెరిపించి, బూజు పట్టి టార్చికి కూడా ఏమీ తేలని గుడ్డొకటి చూపించారు.

"ఇది ఉంచాలా, పారేయాలా? నువ్వే చెప్పు. మేడం, మీరు మాట్లాడకండి."

పారేయమంటే బతికున్న పిల్లను చంపినవాణ్ణవుతానేమో. ఉంచమంటే ఆ కుళ్లు దానికి అతుక్కుని ఉన్న పక్క గుడ్లకూ పాకుతుందేమో. రెండింట్లో ఏది తప్పినా నేను ఇంటికే. వంగి, శక్తికొద్దీ పీల్చాను. ఆ గాలి పీల్చినా ఒకటే, పీల్చకపోయినా ఒకటే.

"నేనెందుకు మాట్లాడతా సార్" అన్నారు లోకేశ్వరి గారు. రెప్పపాటు ఆగి, "అయినా ఏం సెంటు సార్ అది! ఈ గదిలో అదొక్కటే వాసన. ఇంకేమీ లేదు!"

ఆఫీసరు గారి ముఖం కందిపోయింది. నేను నిటారుగా నిలబడి, "మంచి గుడ్డు సార్, ఉంచేద్దాం" అన్నాను.

కొన్నాళ్లకు ఆ గుడ్డు చీల్చుకుని పిల్ల తల బయటపెట్టింది. నా ఉద్యోగమూ ఖాయమైంది. ఆ సంతోషంలో మేడం నన్ను ఇంటికి భోజనానికి పిలిచారు. ఆవిడ భర్త మోహన్‌కృష్ణ గారు వడ్డిస్తున్నారు. పర్మనెంట్ ఉద్యోగి ధైర్యంతో అడిగాను.

"ఇంట్లో కూడా ఇంతేనా సార్? పొద్దస్తమానం వాసనలు సెప్తానే ఉంటారా?"

ఆయన గరిటె ఆపారు. "వాసనలా? మా ఇంట్లో ఆ మాటే రాదబ్బా. పాలు పొంగి మాడినా నేను సెప్పాల్సిందే."

నేను మేడం వైపు తిరిగాను. ఆవిడ కంచంలోంచి తలెత్తకుండా అన్నారు.

"నువ్వు సేరిన దినమే తెలిసిపోయిందిలేప్పా. కుళ్లిన గుడ్డు పక్కనే పెట్టుకోని పెరుగన్నం తిన్న మనిషిని నిన్నొక్కడినే సూసినా. గుడ్డు కదలకుండా పట్టే సెయ్యి నీది. ముక్కు లేదని పంపేస్తే ఎట్లా? గుడ్ల వాసనొకటే సెప్తే అందురికీ అనుమానం వస్తాది గదా. అందుకని అన్నిటి వాసనా సెప్పినా."

అంటే ఇన్నాళ్లూ ఆవిడకు తిక్కమనిషని పేరు తెచ్చింది నా ముక్కే! అందరికంటే గట్టిగా నవ్విందీ నేనే! సిగ్గుతో తల వాలిపోయింది. అంతకు మించి సంతోషం వేసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఏమైంది మునిశేఖరా?" అని మోహన్‌కృష్ణ గారు కంగారుపడ్డారు.

"ఏం లేదు, రసంలో మిరియాల ఘాటు!" అని లోకేశ్వరి గారు గట్టిగా చాటారు.

నా కంచంలో అప్పటికింకా రసం వడ్డించనే లేదు.