బాబాయి రాసిన ఎయిర్ గన్ కాగితం

మోకాళ్లు పట్టేయడంతో మా బాబాయి మిరప చేలన్నీ కౌలుకిచ్చేశాడు. ఆ ఏడే ఎయిర్ గన్ కూడా అమ్మేస్తానన్నాడు. కోతుల్ని బెదరగొట్టడానికి కొన్న గన్ అది. ఎన్నేళ్లు పేల్చినా ఒక్క కోతీ బెదరలేదు. "ఈయన్ని చూడ్డానికే వచ్చేవి" అనేది పిన్ని.

మొదట ఒకాయన గన్ కొంటానని బండి మీద వచ్చాడు. శనగ చేలో నెమళ్లు దిగుతున్నాయట. "కాగితాలేం వద్దండీ, ఇప్పుడే పట్టుకుపోతా" అన్నాడు.

"నెమలిని కొడితే జైలుకెళ్తావయ్యా. మంచినీళ్లు తాగి బయల్దేరు" అని పంపేసి, బాబాయి నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, లాయరువి కదా. అసలు దీన్ని నేను అమ్మొచ్చా?"

నేను చూసేవి పొలం గట్ల తగాదాలు. తుపాకుల చట్టం నాకేం తెలుసు? తెలియదనడానికి నామోషీ వేసి, గన్‌తో సహా ఆయన్ని గుంటూరులో అది కొన్న దుకాణానికి తీసుకెళ్లాను. షాపు సాయిబు గారు గొట్టం మీది అంకెల్ని భూతద్దంతో చూశారు.

"నాలుగున్నర మిల్లీమీటర్ల గొట్టం, శక్తి ఇరవై జౌల్స్ లోపే. దీనికి లైసెన్సు అక్కర్లేదండీ. అది దాటితే మాత్రం కావాలి. మాది వ్యాపారం కాబట్టి ప్రతి అమ్మకం రిజిస్టర్లో ఎక్కిస్తాం. మీరు ఇంట్లోది ఒక్కటే అమ్ముకున్నా, కొనేవాళ్ల ఆధార్ చూడండి. పద్దెనిమిదేళ్లు నిండాలి. కాగితం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. రేపేదైనా జరిగితే పోలీసులు ముందు మీ గుమ్మానికే వస్తారు."

ఇంటికొచ్చి చట్టం పుస్తకం తిరగేస్తే లైసెన్సు సంగతి ఆయన చెప్పినట్టే ఉంది.

వారం తర్వాత సింగరాయకొండ వైపు నుంచి ఒక పీఈటీ మేడం వచ్చారు. కాలేజీ పిల్లలకి గురి నేర్పడానికి కావాలన్నారు. బాబాయి ఆధార్‌ని రెండువైపులా చూసి, "పద్దెనిమిది నిండాయా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ జుట్టు సగం నెరిసింది.

"మా అబ్బాయికే నిండాయండీ" అని ఆవిడ పడీపడీ నవ్వారు.

కాగితం తనే రాస్తానన్నాడు బాబాయి. నంబరూ కొలతలూ రాశాక, చివర్లో "ఈ గన్‌తో నేను ఏ ప్రాణినీ కొట్టలేదు" అని చేర్చాడు.

"ఆ మాట అవసరం లేదు బాబాయ్" అన్నాను.

"నిజమే కదా, ఉండనీ."

మేడం గోడకి పేపరు అంటించి ఒకసారి పేల్చి చూశారు. గుండు జానెడు ఎడమకి పోయింది. గొట్టం మీద గురి సరిచేసే చిన్న స్క్రూని రెండు చుట్లు తిప్పి మళ్లీ పేల్చారు. ఈసారి నడిమధ్యన తగిలింది. బాబాయి నోరు తెరిచాడు.

"ఇన్నేళ్లూ తప్పు దీనిదన్నమాట! నన్ను ఒక్కసారి కొట్టనివ్వమ్మా."

ఆయన కొట్టిన గుండు కుడివైపున్న పూలకుండీకి తగిలింది. పిన్ని వంటింట్లోంచి వచ్చి పగిలిన కుండీని చూసింది, ఆయన్ని చూసింది, నోట్లో కొంగు కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. బాబాయి కూడా నవ్వేశాడు. గన్‌ని పాత పంచెలో చుట్టి, ఎక్కడ నూనె వేయాలో, ఏ బిగింపు బిగుసుకుపోతుందో పావుగంట చెప్పి మేడం చేతికిచ్చాడు.

ఆవిడ బస్సెక్కాక రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి నేను పక్కనే ఉన్నాను.

"దిగావా అమ్మా? సరే సరే. పిల్లల్ని మాత్రం దూరంగా నిలబెట్టి నేర్పు" అని చెప్పి పెట్టేసి, కాఫీ అడిగాడు.