ఏ ఊరి పామండీ?

మేడ్చల్ ఆసుపత్రిలో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఉండేది. పాము కాటుతో ఎవరొచ్చినా ఆమె ముందు అడిగేది ఒకటే: "ఏ ఊరి పామండీ?" మనిషి పేరు కూడా ఆ తర్వాతే.

తొంభైల చివర్లో అత్వెల్లి పొలంలో మా అవ్వను రక్తపింజర కరిచింది. అప్పుడూ అదే ప్రశ్న. నాయినకు ఒళ్లు మండింది.

"పాముకు ఊరేంది మేడమ్? జల్దీ మందియ్యిండ్రి!"

ఆమె మందు ఎక్కిస్తూనే చెప్పింది. "జాతి ఒకటే అయినా చోటు మారితే విషం మారుతుందండీ. ఈ మందు ఎక్కడో దూరాన పట్టిన పాముల విషంతో చేసింది. మీ పాముకి ఏమాత్రం పనిచేస్తుందో కనిపెట్టుకుని ఉండాలి."

అన్నట్టే ఆమె అవ్వ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అవ్వ రక్తం గాజు గొట్టంలో పోసి, కాసేపు ఆగి వంచి చూసేది. నీళ్లలా జారితే, విషం ఇంకా రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదని మళ్లీ మందు ఎక్కించేది. మర్నాటికి గొట్టంలో రక్తం గడ్డకట్టింది. గొట్టం బోర్లించి నాయినకు చూపించింది.

"మందు ఒంటికి పట్టిందండీ!"

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీది ఏ ఊరు బిడ్డా?"

"గోదావరి అవతలండీ, మామ్మగారూ."

"గా మందు లెక్కనే నువ్వు గూడ యాడికెల్లో వొచ్చినవ్. మాకు మంచిగ ఒంటవట్టినవ్."