ఆయన ముఖం చెప్పే పని నాది

జగిత్యాల నుంచి కోరుట్ల వచ్చే బస్సులో, పక్క సీటావిడ ఫోన్‌లో చూశాను. నా చిన్నప్పటి నుంచి టీవీలో చూసిన ఆ నటుడు ఇక సినిమాల్లో నటించడట. సభ లేదు, దండలు లేవు. ఇంటి వరండాలో కూర్చుని, ఇక చాలనిపించిందని చెప్పి చేతులు జోడించాడు. ఎప్పుడూ మాటలు పొదుపుగా వాడిన మనిషి, వీడ్కోలుకు మాత్రం ఎందుకు ఖర్చు పెడతాడు? నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆయన పెద్ద హీరో ఏమీ కాదు. హీరోకు అన్నగా, తర్వాత తండ్రిగా, ఈమధ్య తాతగా కనిపించేవాడు. ఫైటింగ్ చేస్తే ఎక్కడ నడుం పట్టేస్తుందోనని మనకే భయం వేసేది. ఆయనకు వచ్చిందల్లా ఊరికే నిలబడి చూడటం. ఆ చూపులో ఏముందో చెప్పడం నా చిన్నప్పటి పని.

మా ముందు గదిలో అమ్మ, పక్కింటి పెద్దమ్మ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. తంబాకు వాసన నా పుస్తకాలకు కూడా పట్టేది. టీవీ నడుస్తూనే ఉండేది గానీ కళ్లు బీడీ చుట్టే తునికాకు మీద, చెవులు సినిమా మీద. మిగతా నటులు అన్నీ అరిచి చెప్పేవాళ్లు కాబట్టి ఇబ్బంది లేదు. ఆయన వచ్చేసరికి టీవీ మూగబోయేది.

"ఏం జేస్తుండే?" అనేది పెద్దమ్మ తల ఎత్తకుండా.

"ఏం జేస్తలేడు" అనేదాన్ని నేను, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"గట్ల జెప్తె ఎట్లనే? ఏడుస్తుండా?"

"ఏడుస్తలేడు. ఏడుపు ఆపుకుంటుండు."

"గీయిన నోరు తెర్వకుంటనే ఇన్ని సినిమాలు జేసిండు. మా ఇంటాయన గింత సేపు నోరు మూస్తె ఇల్లు సల్లగుంటుండె" అనేది పెద్దమ్మ.

చుట్టాలొస్తే తలుపు చాటుకు పోయే పిల్లను నేను. బాపు, అంటే మా నాన్న, నేను పాకే వయసులోనే దుబాయి వెళ్లాడు. శుక్రవారం ఫోన్ చేస్తే నా నోట మాట వచ్చేది కాదు. "నన్ను మర్శిందా?" అని ఆయన అడిగితే, "సిగ్గువడుతుంది" అని అమ్మ సర్దిచెప్పేది. మర్చిపోవడానికి బాపు నాకు గుర్తుంటే కదా.

ఒక శుక్రవారం సినిమా నడుస్తుండగా ఫోన్ వచ్చింది. అమ్మ దాన్ని నా చేతికిచ్చి, మళ్లీ చాట అందుకుంది. నేను ఎప్పటిలాగే బిగుసుకుపోయాను. పెద్దమ్మ ఆకు కత్తిరిస్తూ, "మాకు జెప్పినట్టె మీ బాపుకు జెప్పరాదే" అంది.

తెర వైపే చూస్తూ మొదలుపెట్టాను. "ఆయిన ఊరికి పోతుండు బాపు. సంచి పట్టుకున్నడు. బిడ్డ పండుకుంది."

"లేపుతుండా?"

"లేపుతలేడు. సంచి కింద వెట్టిండు. మల్ల పట్టుకున్నడు."

ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"తర్వాత?" అన్నాడు బాపు.

అమ్మ చేతులు చాటలో ఆగిపోయాయి.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం బాపు ఆ నటుడి సంగతి అడిగేవాడు. మెల్లగా సినిమాలు పక్కకు పోయి నా బడి, నా జ్వరాలు, నేను చదివే కథలు వచ్చాయి. నాకు మాట నేర్పింది మాట్లాడని ఆ మనిషే. ఆ సంగతి ఆయనకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

బాపు ఇప్పుడు జగిత్యాలలో ఒక బట్టల దుకాణంలో పని చేస్తున్నాడు, రోజూ బస్సులో పోయి వస్తాడు. దుబాయిలో ఆయన జుట్టు నెరవడం నేను చూడలేదు. ఆ నటుడు మాత్రం ఒక్కో సినిమాకు కొంచెం కొంచెం నెరుస్తూ నా కళ్ల ముందే పెద్దవాడయ్యాడు. అందుకేనేమో, బాపు నెరిసిన జుట్టుతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు కొత్తగా అనిపించలేదు. మా ఇంటికి దూరంగా గడిచిపోయిన కాలం, అప్పటికే ఇంకొకరి ముఖం మీద నాకు పరిచయమై ఉంది.