శెట్టి నవ్విన షాట్

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. కర్నూలులో ఉండి వెబ్ సిరీస్ తీసేవాళ్లకు కనిపించని మనుషులంటే ప్రేక్షకులే. వాళ్లున్నారని నమ్మడానికే మా ఓపికంతా అయిపోయేది. అందుకని ఇది చదివి ఎవరూ నాకు విభూతి పంపొద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా వైపు సిరీస్‌లకు డబ్బు పెట్టేవాళ్లు లాభం గురించి పెద్దగా అడగరు. పాత్ర అడుగుతారు. కడపలో బోరు బండ్లు తిప్పే ఆయన పెద్దమనిషి వేషం అడిగాడు. ఆత్మకూరు ఎరువుల అంగడాయన కూడా అదే అడిగాడు. మా రెండో ఎపిసోడ్ పంచాయితీలో తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువ, తగవు పడేవాళ్లు తక్కువ.

బనగానపల్లెలో స్టీలు సామాన్ల అంగడి నడిపే సుబ్బయ్య శెట్టి ఒక్కడే వేరే రకం. నేను పోయి కథ చెబుతుంటే బిందెలు తూకం వేస్తూనే విన్నాడు.

“నన్నూ పెట్టల్ల. అయితే అంగడి మూసి రాలేను,” అన్నాడు. “మీ కథలో సచ్చిపోయిన నాయన ఉండాడు గదా, ఆ గోడమీద ఫోటో నాదే పెట్టు. అన్ని ఎపిసోడ్లలో ఉంటా, ఒక్క దినమూ రాను.”

ఇంత తెలివిగా పాత్ర కొట్టేసినవాణ్ని నేను మళ్లీ చూడలేదు. ఆయన భార్య రత్నమ్మకు మాత్రం నచ్చలేదు. బతికున్న మనిషి ఫోటోకు దండేందని లోపలి నుంచే కసిరింది.

“ప్లాస్టిక్ దండే లేవే,” అన్నాడు శెట్టి. “దానికి వాసనా ల్యా, దోషమూ ల్యా.”

మా కెమెరామన్ ఖాదర్ కల్లూరులో పెళ్లి వీడియోలు తీస్తాడు. వాడు రత్నమ్మ పక్షం. షూటింగుల్లో ఒక ఆనవాయితీ ఉంది. శవంగా పడుకున్న నటుణ్ని లేపి, కెమెరా ముందు నవ్వించి ఒక షాట్ తీస్తారు. దాన్ని ఎక్కడా వాడరు, దోషం పోవడానికి తీస్తారంతే. దండ వేసిన ఫోటోకు కూడా అదే లెక్క అని ఖాదర్ వాదన.

“ఫోటోకేం దోషంరా? మహా అయితే చెదలు పడతాయి,” అన్నాను.

“నవ్వుకో. శెట్టిని నవ్వించి ఒక షాట్ తీసుకొస్తే నీ సొమ్మేం పోతాది?”

పోదామనే అనుకున్నాం. ఫోన్ చేస్తే శెట్టే, పెళ్లిళ్ల సీజన్ పోనీయండి అన్నాడు. సామాన్లు అమ్ముడుపోయే కాలంలో ఊరికే నవ్వడం ఆయనకు దండగ.

ఈలోగా హైదరాబాదులో ఒక ఓటీటీ మనిషి మా సిరీస్ చూసి, కొంటామన్నట్టు మాట్లాడాడు. తేలేదాకా ఎవరికీ చూపించొద్దన్నాడు. ఒకసారి బయటపడిన సరుకు వాళ్లు తీసుకోరట. శెట్టి ఒక్కడికి ఫోన్లో చూపిస్తానంటే, ఆయనే వద్దన్నాడు.

“బేరం కుదరకముందు మూట విప్పగూడదప్పా. వచ్చినపొద్దు అంగట్లో టీవీ పెట్టి, అందరితో పాటే సూస్తా. టీవీ గూడా తెచ్చి పెట్టినా.”

వ్యాపారం తెలిసినవాడు చెబుతున్నాడు కదా అని నేనూ సరే అన్నాను.

మామిడికాయల కాలం ఇంకా పోలేదు. ఒక పొద్దున అంగడి షట్టర్ ఎత్తుతూ శెట్టి కూలిపోయాడు. గుండెపోటు. ఆసుపత్రి దాకా కూడా పోలేదు. ఖాదర్ నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని.

తర్వాత ఓటీటీవాళ్లు, ఈ యాస ఎవరికి అర్థమవుతుందని వెనక్కి పంపారు. ఎపిసోడ్లు యూట్యూబ్‌లో పెట్టేశాం. జనం వచ్చారు. మా దర్శకత్వం చూసి వచ్చారనుకునేరు. శెట్టి దగ్గర బిందెలు కొన్నవాళ్లు, ఆయనతో వ్యాపారం చేసినవాళ్లు తమ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. హీరో గురించి ఒక్క కామెంటూ లేదు. “గోడమీద మన శెట్టి గదా” అని అడగడం, కింద దండం బొమ్మలు. ఆ తాకిడి చూసే ఇంకో వ్యాపారి రెండో సీజన్‌కు ముందుకొచ్చాడు. ఇన్నాళ్లూ వెతికిన ప్రేక్షకులు దొరికారు. వాళ్లతో పాటు కూచుని చూస్తానన్నవాడే లేడు.

ఒకరోజు రత్నమ్మ ఫోన్ చేసింది.

“నాయనా, ఆయన నడిచేదో మాట్లాడేదో మీ దగ్గర ఏమన్నా ఉండాదా? ఇంట్లో అన్నీ ఫోటోలే. పెండ్లి వీడియోల్లో సూస్తే యాడా పడల్యా. వంటల కాడ బాడుగకిచ్చిన గంగాళాలు ఎంచుకుంటా ఉంటాడు గదా.”

మా దగ్గరున్నదీ ఫోటోనే, అదీ వాట్సాప్‌లో వచ్చింది. ఆ మాట చెప్పలేక, వెతుకుతానన్నాను. ఖాదరూ నేనూ పాత మెమరీ కార్డులన్నీ ముందేసుకున్నాం.

దండ వేసిన ఫోటోను కల్లూరులో ఒక అద్దె ఇంట్లో తీశాం. ఆ రోజు కార్డులో, తలుపు తెరుచుకునే షాట్‌కూ ఫోటో షాట్‌కూ మధ్య ఒక చిన్న క్లిప్ ఉంది. బనగానపల్లె అంగడి. పగటి వెలుతురు. బిందెల వరస ముందు శెట్టి కూచుని నవ్వుతున్నాడు. పొట్ట కదిలేలా, కళ్లు మూతలు పడేలా. శబ్దం లేదు.

ఆ రోజు కెమెరా కల్లూరు ఇల్లు దాటలేదు. ఖాదర్ ఆ అంగడి గడప ఎప్పుడూ తొక్కలేదు. నేను పోయినప్పుడు నా చేతిలో కథ కాగితాలు తప్ప ఏమీ లేవు. ఫైళ్ల నంబర్లు వరస తప్పలేదు కాబట్టి తర్వాత ఎవరో దూర్చారనడానికీ లేదు. ఎడిటింగ్‌కు ఎక్కించేటప్పుడు ఇద్దరం ఒక్కో షాటూ చూశాం, అప్పుడిది కనబడలేదు. ఏఐతో చేశారేమో అని తర్వాత ఒకరిద్దరు అడిగారు. మాది షూటింగ్ రోజు టీ కూడా సగం కప్పే ఇచ్చే బడ్జెట్.

“నువ్వు తీసినావా?” అన్నాడు ఖాదర్.

“నాకు కెమెరా ఆన్ చేసేదే రాదని నువ్వే గదరా ఊరంతా చెప్తాండేది.”

దాంతో ఇద్దరం క్లిప్‌ను మళ్లీ మొదటి నుంచి వేసి చూశాం.

బనగానపల్లె పోయి రత్నమ్మకు ల్యాప్‌టాప్‌లో చూపించాం. ఎక్కడిదని ఆమె అడగలేదు. మళ్లీ వేయమంది. ఇంకోసారి వేయమంది.

“ఈయన ఇట్ల నవ్వినోడు కాదే,” అంది. “ఎదురుగా ఎవురుండారప్పా?” అని అడిగింది.

ఖాదర్ నా వైపు చూశాడు. నటన తెలియని మనిషిని కెమెరా ముందు కూచోబెడితే కొయ్యబారిపోతాడు. అప్పుడు నేను లెన్సుకు ఎడమ పక్కన నిలబడి ఏదో పిచ్చి జోకు వేస్తాను. క్లిప్‌లో శెట్టి లెన్సులోకి చూడటం లేదు. ఆ పక్కకే, నా ఎత్తు మనిషికి మొహం ఉండే చోటికే చూస్తున్నాడు.

నేనక్కడ లేను. ఎవరున్నారో, ఆ షాట్ ఎవరు తీశారో ఈరోజుకీ నాకు తెలియదు. కానీ రత్నమ్మ మొహం చూశాక, “నేనేనమ్మా,” అనేశాను.

“ఏం చెప్పినావు?” అంది ఆమె, తనకూ చెప్పమన్నట్టు కాస్త ముందుకు జరిగి.

ఇంతమందిని నవ్వించిన నోటికి ఆ పొద్దు ఒక్క ముక్కా రాలేదు.