మూడో బేస్ దగ్గర ఓత్మర్ బావగారు

మా బావగారు ఓత్మర్ నోరు విప్పితే ఆవుల గురించి మాట్లాడాలి, లేదా బేస్‌బాల్ గురించి. పెళ్లెందుకు చేసుకోలేదంటే ఆదివారాలు ఖాళీ లేవనేవారు. మా ఊరు సెయింట్ గెరోల్డ్‌లో ఆదివారమంటే పొద్దున చర్చి, తర్వాత ఆట. ఫాదర్ గారు ప్రసంగం సాగదీశారంటే వెనక బెంచీల్లో దగ్గులు మొదలయ్యేవి.

ఆటలో ఆయన చోటు మూడో బేస్ పక్కన, పరిగెత్తేవాడు వరసగా తాకాల్సిన మజిలీల్లో ఆఖరిదాని దగ్గర. పరిగెత్తేవాడికి బంతి వెనకెక్కడో ఉంటుంది. తిరిగి చూశాడా, వేగం తగ్గిపోతుంది. అందుకని వాడి బదులు బావగారు చూస్తారు. కుడిచెయ్యి గిరగిరా తిప్పితే ఆగకుండా ఇంటికి పరిగెత్తాలి. బ్యాటు పట్టుకుని నిలబడే ఆ పలకనే ఇల్లంటారు, దాన్ని తాకితేనే పరుగు. రెండు చేతులూ పైకెత్తితే మూడో బేస్ మీదే ఆగిపోవాలి. "బంతిని నేను చూస్తా, నువ్వు నన్ను చూడు," అనేవారు ప్రతి కుర్రాడితోనూ.

మా భోజనాల బల్ల మీద ఉప్పుబుడ్డీ, ఆవముద్ద సీసా జరుపుతూ పాఠాలు చెప్పేవారు. మనవాళ్లు ఒక్కరూ ఔట్ కాకపోతే తొందరొద్దు, వెనకొచ్చేవాళ్లు ఎవరో ఒకరు కొట్టి వీణ్ణి ఇంటికి చేరుస్తారు. ఇద్దరు ఔటయ్యారా, ఇక మీనమేషాలు లెక్కపెట్టొద్దు. మూడోవాడితో మన వంతే అయిపోతుంది. ఈలోగా నా సాసేజీలు చల్లారిపోయేవి, ఎవడికి పట్టింది!

మా ఆయన క్లెమెన్స్ బావగారి తమ్ముడే. మా పెళ్లైన కొత్తలో, ఆఖరి వంతులో, ఇద్దరు ఔటయ్యాక బావగారు చెయ్యి తిప్పారు. ఈయన పరిగెత్తారు. విసిరిన బంతి అందుకోవడానికి పలకకి అడ్డంగా నిలబడ్డ క్యాచర్ ఎద్దులాంటి మనిషి. ఈయన వాడి కిందనుంచి దూరి పలకను తాకారు, ఊరు గెలిచింది. మోకాలు మాత్రం నుజ్జయిపోయింది. మళ్లీ సరిగా మడతపడలేదు.

మర్నాడు తెల్లారేసరికి బావగారు మా కొట్టంలో ఉన్నారు, మా ఆవుల పాలు పితుకుతూ. ఆ తర్వాత ఒక్క పొద్దూ మానలేదు. మంచు నడుంలోతు పడినా వచ్చేవారు. ఎందుకొస్తున్నారని ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. మా వాళ్లింతే, మనసులో మాట బయటపెట్టడమంటే వీళ్లకి పన్ను పీకించుకోవడమే. కాఫీ తాగేవారు, ఆదివారం ఆట గురించి నాలుగు ముక్కలు మాట్లాడుకునేవారు, వెళ్లిపోయేవారు.

మా అబ్బాయి లియాండర్ పెద్దవాడై ఆ జట్టులోనే చేరాడు. తండ్రి పరుగే వచ్చింది వాడికి. ఆ ఏడు ఆగస్టులో జిల్లా ఫైనల్. పొద్దున్నే బావగారు మా బల్ల దగ్గర కూర్చుని, అవతలి జట్టులో ఎడమవైపు ఆడేవాడి భుజం పోయింది, విసరలేడని, బంతి అటు వెళితే కళ్లుమూసుకుని ఇంటికి పరిగెత్తమని వాడికి మరీ మరీ చెప్పారు.

ఆఖరి వంతు. ఒక్క పరుగు వెనకబడ్డాం. ఇద్దరు ఔటయ్యారు. రెండో బేస్ మీద మా వాడు. తర్వాత ఆడాల్సినవాడు వేసవంతా సరిగ్గా బంతి కొట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు బ్యాటు పట్టుకున్నవాడు మాత్రం గట్టిగా కొట్టాడు. బంతి ఎడమవైపే వెళ్లింది, ఆ భుజం పోయినవాడి దగ్గరికే. మా ఆయన కర్ర వదిలేసి లేచి నిలబడ్డారు. మా వాడు తల వంచుకుని మూడో బేస్ వైపు వచ్చేస్తున్నాడు. పలక దగ్గర క్యాచర్ దారికి అడ్డంగా వచ్చాడు.

బావగారి రెండు చేతులూ పైకి లేచాయి.

మా వాడు కాళ్లు తడబడి బేస్ మీద పడినంత పనై ఆగాడు. విసిరిన బంతి నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. నడుచుకుంటూ వెళ్లినా మా వాడు ఇల్లు చేరేవాడు. తర్వాతవాడు బంతిని గాల్లోకి లేపి ఔటయ్యాడు. అంతే, ఓడిపోయాం. నిజం చెప్పొద్దూ, ఆ చేతులు లేవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కకి తిరిగి మా ఆయన మొహం చూశాక నా సంతోషానికి నాకే సిగ్గేసింది.

మర్నాడు బావగారు వచ్చేసరికి ఈయనే కొట్టంలో ఉన్నారు, ఆ కాలు పక్కకి చాపుకుని, ఆవు పొట్టకి తల ఆనించి. పాలు పితుకుతున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"లే, నేను చూసుకుంటా," అన్నారు బావగారు.

"అక్కర్లేదు అన్నయ్యా."

"వాడికేమైనా అయితే రెజీనా మొహం ఎలా చూడను?" అన్నారాయన, నా పేరు తీస్తూనే నా వైపు చూడకుండా.

ఈయన తలెత్తారు. "ఆ రోజు నువ్వు చెయ్యి తిప్పడం సరైందే. నా కాలు అందుకే పోయింది, పోతే పోయిందనుకునే బతికాను. నాకున్న గొప్ప ఆ పరుగొక్కటే. అది తప్పని నువ్వు ఇన్నాళ్లూ అనుకుంటున్నావన్నమాట." "పొద్దున్నే నువ్వు రావడం నామీద ప్రేమనుకున్నా. జాలా అన్నయ్యా?"

బావగారు నోరు తెరిచారు. ఇన్నేళ్లుగా వాడని మాటలు ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వస్తాయి? టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. ప్రేమేనని నేనైనా కేకేసి చెప్పాల్సింది. గుమ్మంలోంచి తప్పుకుని దారి మాత్రం ఇచ్చాను.

మళ్లీ మా కొట్టానికి రాలేదు, మూడో బేస్ దగ్గరా నిలబడలేదు. చర్చిలో కనిపిస్తే ఇద్దరూ తలలూపుకుంటారు. పాల కేంద్రానికి వెళుతూ ఆయన ట్రక్కు రోజూ పొద్దున్నే మా గేటు దగ్గర నెమ్మదిస్తుంది. కొట్టంలో మా ఆయన పితకడం ఆపి వింటారు. బకెట్లో పాలు పడే చప్పుడు ఆగిపోతే నాకు వంటింట్లో తెలిసిపోతుంది. ఎవరైనా ఒక్కరు చెయ్యి తిప్పితే చాలు. ట్రక్కు వెళ్లిపోతుంది, చప్పుడు మళ్లీ మొదలవుతుంది, నేను కాఫీ మా ఇద్దరికీ రెండు కప్పుల్లోనే పోస్తాను.