పెదనాయన బండి, పిండం దగ్గరి మాట

మా పెదనాయన పోయి నెల కాలేదు. ఆయన మోటారు సైకిలును మా ఇంటివాళ్ళు అమ్మబోతున్నారు. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కనుక పత్రికలో వేయించే అమ్మకం ప్రకటన నన్నే రాయమన్నారు. దానికి బదులు ఇది రాస్తున్నాను. రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

తుంగభద్ర కాలువ నీళ్ళు మా తెక్కలకోట పొలాలకు వచ్చిన కొత్తలో, వాన పడితే గట్టు దారిలో ఎద్దులబళ్ళు కూరుకుపోయేవి. జబ్బుపడ్డవాళ్ళను బళ్ళారి ఆస్పత్రికి చేర్చడానికని పెదనాయన మోటారు సైకిలు కొనబోయారు. అప్పటికి చిన్నపిల్లనైన నేనూ వెంట వెళ్ళాను. మిలిటరీవాళ్ళు వదిలేసిన బళ్ళు అమ్మే షెడ్డులో వ్యాపారి తళతళలాడే బండినొకదాన్ని చూపించి, గాలిలా పోతుందన్నాడు.

"జోరుగా పోయేది యాడైనా దొరుకుతాదప్పా. మెల్లగా పోతా ఆగిపోకుండా ఉండేది చూపించు," అన్నారు పెదనాయన.

అన్నిటికన్నా బరువైనదాన్ని స్టార్టు చేయించి, నెమ్మదిగా ఆడే ఇంజను చప్పుడు కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. అదే తీసుకున్నారు. ఇంటికొచ్చాక, నల్లరేగడి ఇరుక్కోకుండా ముందు మడ్‌గార్డును పైకి ఎత్తించారు. వెనక చక్రానికి, గొలుసు పట్టే చోట, పెద్ద పళ్ళచక్రం వేయించారు. వేగం తగ్గింది, బురదలో లాగే బలం పెరిగింది. నిటారుగా కూర్చుని నడిపే అలవాటు కనుక హ్యాండిలును వెడల్పు చేయించారు. వెనక సీటు తీసేసి, చేతులున్న కుర్చీకి కాళ్ళు కోసి బిగించారు. చీర చక్రంలో పడకుండా పక్కన ఇనుప జల్లెడ.

"అంత గుర్రాన్ని తెచ్చి ఎద్దు మాదిరి తోలుతావేందప్పా?" అని ఊళ్ళో ఎగతాళి చేసేవారు.

"ఎనకాల కూర్చున్న నిండు చూలాలిని అడుగప్పా, గుర్రం కావల్నో ఎద్దు కావల్నో!" అనేవారు పెదనాయన.

నన్ను బళ్ళారి హాస్టలుకు దింపిందీ ఆ కుర్చీలోనే. దారిలో వాన వస్తే, "పుస్తకాలు బాగా పట్టుకోమ్మా. నువ్వు తడిస్తే ఆరతావు," అనేవారు.

పదోరోజు కాలువ గట్టున పిండం పెడితే కాకి ముట్టలేదు. ఎండ ఎక్కింది. "అన్నకు బండి మీదనే మనసుండాది," అని మా నాయన బండిని అక్కడికి తోయించి, కిక్కు కొట్టారు. ఆ సద్దుకు చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. ఏడుస్తున్నవాళ్ళం నవ్వు ఆపుకోలేకపోయాము. నాయన ఇంజను ఆపి చేతులు జోడించారు.

"అన్నా, నీ బండిని అమ్మం. నువ్వు చేయించినట్లే పెట్టుకుంటాం, ఊరికి పనికొచ్చేట్ల."

కొంతసేపటికి ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది.

ఇప్పుడు బళ్ళారి నుంచి లారీల యజమాని ఒకాయన బండి అడుగుతున్నాడు. కుర్చీ పీకేసి, చిన్న పళ్ళచక్రం వేసి, జోరుగా తోలతాడట. నాయనకు పిండం దగ్గరి మాట గుర్తుచేశాను.

"మాట ఇచ్చింది కాకికి గదమ్మా. ఈడ తోలేవాళ్ళు ఎవురుండారు?" అన్నారు, నా వైపు చూడకుండా.

మొన్న కాలువ అవతల నుంచి ఒకాయన, భార్యకు నొప్పులు వస్తున్నాయని, మా బండి కోసం పరుగెత్తుకొచ్చాడు. తోలేవాళ్ళు లేరని చెప్పి పంపాము. ఆమె ఏమైందో అడగడానికి నాకింకా మొహం చెల్లలేదు.

తోలే మనిషి దొరికితే అమ్మనని నాయన చివరికి ఒప్పుకున్నారు. లేకపోతే ఆయుధపూజ నాడు పూజ చేసి లారీ యజమానికి అప్పగిస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే పని నాకే చెప్పారు. బరువైన బండిని మెల్లగా నడపగలిగి, మా కాలువ ఊళ్ళలో ఉండగలిగినవారు ఎవరైనా సరే, ఆయుధపూజకు ముందే ఈ పత్రికకు ఒక కార్డు రాయండి.